నలభై ఒక్క చీటీలు

జూన్ 3

మామయ్యకి,

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ నీకు వినపడదు కాబట్టి అత్తయ్యే ఎత్తుతుంది. నేను చెప్పింది నీ చెవిలో అరిచి, నువ్వన్నది నాకు అరిచి, మధ్యలో తన అభిప్రాయం కూడా కలుపుతుంది. మొన్న నీ బీపీ ఎంతని అడిగితే తన వేళ్ల నొప్పుల గురించి అరగంట ఏకరువు పెట్టింది. నీ బీపీ ఎంతో ఇప్పటికీ నాకు తెలీదు. అందుకే ఉత్తరం.

పని ఉండే రాస్తున్నాను, దాచడమెందుకు. మా వార్డులో కిటికీ పక్క మంచం మీద మూడేళ్ల పిల్ల ఒకతి ఉంది. నేను వెళ్లగానే దుప్పటి మొహం మీదికి లాక్కుని, ఇక తనెవరికీ కనపడదనుకుంటుంది. నెల కిందట వంటింటి గట్టు మీదున్న జ్యూస్ సీసా ఎత్తి ఒక్క గుక్క తాగింది. అందులో ఉన్నది జ్యూస్ కాదు, సింకు గొట్టం మూసుకుపోతే పోసే మందు. దుకాణాల వాళ్లు పెద్ద డబ్బాలోంచి ఏ సీసా తీసుకెళ్తే ఆ సీసాలో పోసి ఇస్తారు. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది, వాసన కూడా ఉండదు. ఆ ఒక్క గుక్కకి అన్నం దిగే దారంతా కాలిపోయింది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి మత్తిచ్చి, గొంతులోంచి గొట్టాలు దింపి, మూసుకుపోతున్న దారిని కొంచెం కొంచెంగా వెడల్పు చేస్తున్నాను. ఎన్నేళ్లు చేయాలో నాకే తెలీదు. గడిచిన ఏడాదిలో ఇలాంటి పిల్లలు మా ఒక్క ఆస్పత్రికే ఇరవై రెండు మంది వచ్చారు.

కోయడం, కుట్టడం నా పని అనుకుంటూ పదిహేనేళ్లు గడిపాను. విసుగొచ్చింది మామయ్యా. మా పిల్లల డాక్టర్ల సంఘం వాళ్లం కూర్చుని చట్టం కోసం ఒక ముసాయిదా రాశాం. ఆ మందు విడిగా పోసి అమ్మకూడదు, పిల్లలు తెరవలేని మూతున్న సీసాలోనే అమ్మాలి. అంతే. మా నియోజకవర్గం శాసనసభ్యురాలు సభలో పెడతానన్నారు. ఈ సమావేశాల్లో గట్టెక్కకపోతే ఆ తర్వాత ఎన్నికలు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

నువ్వు ముప్పై ఏళ్లు శాసన విభాగంలో ముసాయిదాలు సరిచూసినవాడివి. రెండే పేజీలు, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. ఒక్కసారి చూసిపెట్టవూ?

నీ పిడుగు

*

జూన్ 11

పిల్లల పొట్టలు కోసే పిడుగుకి మామయ్య ఆశీస్సులు.

నా బీపీ బాగానే ఉంది. నీ ముసాయిదాకే బాగాలేదు.

రెండు పేజీలు తిప్పి పంపుతున్నాను. మా ఆఫీసు పద్ధతిలోనే ఒక్కో అనుమానానికి ఒక్కో చీటీ రాసి, ఆ వాక్యం పక్కనే అతికించాను. మొత్తం నలభై ఒకటి. జిగురు సీసా అయిపోతే మీ అత్తయ్య మైదాపిండి ఉడికించి ఇచ్చింది. కాగితాలు కొంచెం బరువెక్కాయి, తపాలా వాళ్లు ఏమీ అనకపోతే చాలు.

మచ్చుకి రెండు. తొమ్మిదో చీటీ: దుకాణంలోకి వెళ్లి తనిఖీ చేసేదెవరు? ఏ అధికారంతో? దుకాణందారు ‘నువ్వెవరివయ్యా’ అంటే ఏం చెబుతాడు? పదిహేడో చీటీ: పిల్లలు తెరవలేని మూత అన్నారు. ఏ పిల్లలు? ఎన్నేళ్ల వాళ్లు? ఎంతసేపట్లో? తెరవలేరని ఎవరు చూశారు? పద్దెనిమిదో చీటీ కూడా దానికి తోడే. మీ అత్తయ్య చేతివేళ్లతో ఆ మూత తెరవగలదా? ఆవిడ తెరవలేకపోతే, తెరిచి అలాగే పెట్టేస్తుంది. ఆవిడ సంగతి నాకు తెలుసు.

కాఫీ మాత్రం మూడుసార్లు చల్లారింది. తొందరగా జవాబులు రాసి పంపు.

మామయ్య

*

జూన్ 19

మామయ్యకి,

కవరు విప్పాను. ఆ చీటీల కింద మా ముసాయిదా ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. నిజం చెప్పొద్దూ, చిన్నబుచ్చుకున్నాను. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం దిద్దినట్టే దిద్దావు. పన్నెండో చీటీ దాకా చదివి ఇక నావల్ల కాక డ్రాయరులో పెట్టేశాను.

మా సంఘం పెద్దాయనకి చూపించాను. ఆయన్ని అందరూ చెంచా డాక్టరు గారంటారు. పిల్లల గొంతు చూడటానికి ఇప్పటికీ చొక్కా జేబులో స్టీలు చెంచా పెట్టుకు తిరుగుతారు. ఆయన నవ్వి, ‘‘మీ మామయ్యకి తీరుబాటు ఎక్కువైంది’’ అన్నారు. పంతొమ్మిదేళ్ల కిందట ఇదే సంగతి మీద ఆయన రాసిన ముసాయిదాకి ఒక్కటంటే ఒక్క ప్రశ్న కూడా రాలేదట. అలాగే చట్టమైందట. తర్వాత కోర్టు కొట్టేసిందనుకో, అది వేరే కథ. కానీ ఆ ఒక్క ప్రశ్నా రాని సంగతి మాత్రం మా సంఘంలో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెబుతారు.

సరే, ఆరోగ్య శాఖలో ఒక పెద్ద అధికారికి మా ముసాయిదా శుభ్రమైన ప్రతి ఇచ్చాం. రెండు రోజుల్లో తిరిగి వచ్చేసింది. ‘చాలా బాగుంది, ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు’ అని పైన రాశారు. మేమందరం ఎగిరి గంతేశాం. దాన్నే పంపించేద్దామనుకుంటున్నాం. గడువు జులై పది.

నువ్వు పడ్డ శ్రమకి థాంక్స్ మామయ్యా. కోపం లేదు. ముప్పై ఏళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది? అత్తయ్య మైదాపిండి వృథా అయినందుకు మాత్రం బాధగా ఉంది.

పిడుగు

*

జూన్ 24

పిడుగూ,

ఆ కాగితం పంపకండి. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను, పంపకండి.

నీకు మా ఆఫీసు సంగతి ఒకటి చెప్పాలి. బయటివాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు. మా దగ్గర ముసాయిదా నిలబడాలనుకుంటే ప్రశ్నలతో చంపేసేవాళ్లం. రేపు సభలో అడిగేవన్నీ, ఎల్లుండి కోర్టులో అడిగేవన్నీ ముందు మేమే అడిగేవాళ్లం. తెచ్చినవాళ్ల తల ప్రాణం తోకకి వచ్చేది. ఏదైనా ముసాయిదా పడిపోతే బాగుండునని పైవాళ్లకుంటే, దానికి ఒక్క చీటీ కూడా అతికించేవాళ్లం కాదు. శుభ్రంగా, ముచ్చటగా, ‘చాలా బాగుంది’ అని రాసి పైకి పంపేవాళ్లం. అది తన బరువుకి తనే పడిపోయేది. ఎవరి చేతికీ మట్టి అంటేది కాదు. నీకు వచ్చింది ఆ మాటే. ఆ అధికారి చెడ్డవాడని నేననను. ఆ మందు తయారుచేసే కంపెనీ వాళ్లని కాదనలేడు, డాక్టర్లనీ కాదనలేడు, అందరికీ బాగుందంటాడు. నీ కాగితం మీద నలభై ఒక్క చీటీలున్నాయంటే, అది నిలబడాలని నేను నలభై ఒక్కసార్లు కోరుకున్నట్టు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది చెప్పాక నువ్వు నాకు ఉత్తరం రాస్తావో లేదో.

మీ చెంచా డాక్టరు గారి ముసాయిదా సరిచూసింది నేనే. అప్పుడు నేను సీనియర్ అసిస్టెంటుని. ‘పిల్లలు తెరవలేని మూత’ అన్న మాట దగ్గర నా కలం ఆగింది. ఎన్నేళ్ల పిల్లలు అని చీటీ రాశాను. మా పై అధికారి ఆ చీటీ తీసి నా చేతిలో పెట్టి, ‘‘దీనికి ప్రశ్నలు వద్దు, శుభ్రంగా పంపించు’’ అన్నాడు. దానర్థం నాకు తెలుసు. నాకు ప్రమోషన్ రావాల్సిన ఏడాది అది. శుభ్రంగా పంపించాను.

చట్టం వచ్చిన నాలుగు నెలలకే కంపెనీ వకీలు కోర్టుకి ఒక తొమ్మిదేళ్ల అమ్మాయిని తీసుకొచ్చాడు. జడ్జిగారి ఎదుట ఆ అమ్మాయి మూత తిప్పి తెరిచేసింది. ‘‘ఈమె పిల్ల కాదా?’’ అన్నాడు వకీలు. కోర్టంతా నవ్వింది. అంతటితో చట్టం పోయింది. నేనా రోజు ఆఖరి బల్ల మీద కూర్చుని ఉన్నాను.

పంతొమ్మిదేళ్లు. నువ్వు ఏడాదికి ఇరవై రెండు మంది అన్నావు. నాకు లెక్క వేయడానికి ధైర్యం చాలలేదు.

మామయ్య

*

జులై 1

మామయ్యకి,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు కోపంతో చించేద్దామనుకున్నాను. నువ్వు అంత పని చేశావంటే నమ్మలేకపోయాను. నాకు నిజం చెప్పడం నేర్పింది నువ్వు. చెప్పాల్సినచోట నువ్వే చెప్పలేదు. ఈ కోపం నాకు ఇంకా ఉంది, లేదని అబద్ధం రాయలేను.

రెండో రోజు ఉత్తరం పట్టుకెళ్లి చెంచా డాక్టరు గారికిచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. పంతొమ్మిదేళ్లుగా ఏ సంగతి చెప్పుకుని గర్వపడ్డారో, అది ఆయన చేతుల్లోనే ముక్కలైపోయింది. ఉత్తరం మడిచి నా చేతికిచ్చారు. తర్వాత అన్నారు: ‘‘మీ మామయ్యని తిట్టకమ్మా. ఆయన గుమస్తా. నేను పిల్లల డాక్టర్ని. ఒక పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, చేతికి సీసా ఇచ్చి చూద్దామని నాకే తట్టలేదు. నాకు తట్టని ప్రశ్న ఆయనకి తట్టింది. అడగనివ్వలేదు, అంతే.’’

మూడో రోజు డ్రాయరు తెరిచాను. పదమూడో చీటీ నుంచి చదివాను. నలభై ఒకటోది చట్టం గురించి కాదు. ‘కిటికీ పక్క మంచం మీది పిల్లకి ఇప్పుడెలా ఉంది?’ అని ఉంది.

మామయ్యా, నిన్న ఆ పిల్ల రెండు చెంచాల గంజి మింగింది.

ఆ కాగితం పంపలేదు. ఇక ఉంటాను, పని చాలా ఉంది.

పిడుగు

*

జులై 7

అమ్మా,

నీ ఉత్తరం అందింది. కోపం ఉందన్నావు, ఉండాలి కూడా. ‘ఇక ఉంటాను’ అన్న మాటకి అర్థం తెలుసుకోలేనంత పిచ్చివాణ్ణి కాదు. ఇక నీకు చీటీలు పంపను, ఉత్తరాలతో విసిగించను. నీ పని నువ్వు చేసుకో.

గంజి మింగిందన్నావు. మీ అత్తయ్యకి చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకుంది. ఆవిడ మాటగా ఇది రాస్తున్నాను, నాది కాదు. బజారులో దొరికే నాలుగు రకాల మూతలు తెప్పించి కూర్చుంది. తిప్పే మూత తేలిగ్గా వచ్చేసింది. నొక్కి తిప్పే మూత అరచేత్తో అదిమితే వచ్చింది, వేళ్లతో పనిలేదు. మిగతా రెండూ నా నెత్తిన విసిరేసింది.

మామయ్య

*

జులై 8

మామయ్యా,

నా ముందు ఉత్తరం చేరిందో లేదో కానీ అర్జెంటుగా సాయం కావాలి. మేం నీ పదిహేడో చీటీ పట్టుకుని ఏం చేశామో చెబితే నవ్వుతావు.

మా అవుట్‌పేషెంట్ హాల్లో బెంచీలు ఒక పక్కకి జరిపి చాప పరిచాం. తల్లుల్ని అడిగి, ఒప్పుకున్నవాళ్ల పిల్లలు యాభై మందిని, అందరూ ఐదేళ్లలోపు వాళ్లని కూర్చోబెట్టి, చేతికొక సీసా ఇచ్చాం. లోపల మంచినీళ్లు. చెంచా డాక్టరు గారు గడియారం పట్టుకుని నిలబడ్డారు. ఐదు నిమిషాలు. మామయ్యా, అంత గోల నేనెన్నడూ వినలేదు! ఒకడు సీసాతో పక్కవాణ్ణి కొట్టాడు. ఒకతి తన సీసా ఇవ్వనని ఏడ్చింది. ముసాయిదా రాసేటప్పుడు మేం మనసులో అనుకున్న తిప్పే మూత ఉంది చూడు, దాన్ని యాభైలో పంతొమ్మిది మంది తెరిచేశారు. ఆ కాగితం పంపి ఉంటే మేమే మళ్లీ అదే గోతిలో పడేవాళ్లం. మా డాక్టర్లందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నిన్న మరో యాభై మందితో నొక్కి తిప్పే మూత పెట్టి చూశాం. ముగ్గురే తెరిచారు, అందులో ఇద్దరు పళ్లతో. తర్వాత పిల్లలతో వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఇరవై మందికి ఇస్తే పద్దెనిమిది మంది తెరిచారు.

శాసనసభ్యురాలు గడువు ఇంకో పది రోజులు పెంచి పెట్టారు. ఈ కొత్త ముసాయిదా ఎనిమిది పేజీలైంది. దీని మీద ఎన్ని చీటీలు అతికిస్తావో అతికించు. తక్కువైతే ఊరుకోను.

నీ పిడుగు

*

జులై 12

పిడుగూ,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయినట్టున్నాయి. నా ముందు ఉత్తరం చించెయ్. నువ్వు తిట్టి తలుపేసుకున్నావని నేను అలిగి కూర్చున్నాను. నువ్వేమో చాప పరిచి పిల్లల్ని కూర్చోబెట్టావు.

పంతొమ్మిది మంది తెరిచారన్న చోట చదవడం ఆపి పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

ఎనిమిది పేజీలూ చూశాను. ఆరు చీటీలే. అన్నిటికీ జవాబులు నీ కాగితాల్లోనే ఉన్నాయి, చోటు మార్చాలంతే. కావాలని తగ్గించలేదు, ఒట్టు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్లలో వేల చీటీలు రాశాను. వాటి వెనక మనుషులుంటారని తెలుసు కానీ, ఎవరో జవాబు కోసం చాప పరుస్తారని అనుకోలేదు. నన్ను మళ్లీ పనిలో పెట్టుకున్నందుకు నీకెలా చెప్పాలో తెలియడం లేదు. ఎప్పుడో పోయిన ఉద్యోగం తిరిగి ఇచ్చావమ్మా.

మామయ్య

*

ఆగస్టు 5

మామయ్యా, అత్తయ్యా,

రైల్లో రాస్తున్నాను, అక్షరాలు వంకరైతే క్షమించండి. మామూలుగా కూడా అంతే అంటావు మామయ్యా, తెలుసు.

బిల్లుని పరిశీలించే సభాసంఘం ముందు నిన్న మా వంతు. పొడుగు బల్ల, అవతల పదకొండు మంది సభ్యులు, ఇవతల మేం ముగ్గురు డాక్టర్లం. ఆపరేషన్ చేసేటప్పుడు ఎన్నడూ లేని భయం పట్టుకుంది, చెప్పాల్సిన లెక్కలు మళ్లీ మళ్లీ చదువుకున్నాను. కంపెనీ వకీలు లేచాడు. మామయ్యా, నమ్ముతావా? ఆయన పక్కన ఒక అమ్మాయి. స్కూలు బట్టల్లో ఉంది, ఎనిమిదో తొమ్మిదో ఏళ్లుంటాయి. ఆయన సీసా ఇచ్చాడు. ఆ అమ్మాయి మూత నొక్కి, తిప్పి, తెరిచి బల్ల మీద పెట్టింది. సభ్యులు నవ్వారు. ‘‘డాక్టరు గారూ, ఈమె పిల్ల కాదా?’’ అన్నాడు.

నాకు భయం ఎటుపోయిందో! నాలుగో పేజీ తీయమన్నాను. ‘‘ఈ చట్టంలో పిల్లలంటే ఐదేళ్లలోపు వాళ్లండీ. ఐదు నిమిషాల్లో నూటికి తొంభై మంది తెరవలేకపోతేనే ఆ మూత చెల్లుతుంది. మేం యాభై మందికిచ్చి చూశాం, ముగ్గురే తెరిచారు. పేర్లు లేకుండా వయసులన్నీ వెనక పేజీలో ఉన్నాయి’’ అన్నాను. తర్వాత ఆ అమ్మాయిని అడిగాను: ‘‘అమ్మా, సీసా మీద ఏం రాసుందో చదువుతావా?’’ చదివింది. ‘‘విషం. తాగరాదు.’’ ‘‘మరి తాగుతావా?’’ అంటే, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, ‘‘ఎందుకు తాగుతాను?’’ అంది. ‘‘చదవడం రానివాళ్ల కోసమే ఈ మూతండీ’’ అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఒక సభ్యుడు, ముసలివాళ్లు ఎలా తెరుస్తారని అడిగాడు. చెంచా డాక్టరు గారు లేచి ఆ ఇరవై మంది లెక్క చెప్పి, ఇరవై ఒకటో ఆవిడ మా డాక్టరమ్మ గారి మేనత్త అన్నారు. అత్తయ్యా, నువ్వు సభ రికార్డులోకి ఎక్కావు.

పదకొండు మందీ ఒప్పుకున్నారు. ఈ ఉదయం సభలో నెగ్గింది. బయటికి రాగానే చెంచా డాక్టరు గారు వరండాలో స్తంభాన్ని ఆనుకుని ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. మామయ్యా, నీ మీద కోపం ఎంత వెతికినా దొరకడం లేదు. అప్పుడు నువ్వు నోరు మూసుకోవడం తప్పే. కానీ పంతొమ్మిదేళ్లు ఆ ప్రశ్నని మర్చిపోకుండా నాకోసం దాచిపెట్టావు. నీకు రుణపడ్డాం, నేనూ, మా వార్డూ.

నీ పిడుగు

*

మార్చి 14

మామయ్యా,

చట్టం అమల్లోకి వచ్చి పది వారాలైంది. చాలాచోట్ల ఇంకా పాత సరుకే దొరుకుతోంది. జనవరిలో ఇద్దరు వచ్చారు, ఫిబ్రవరిలో ఒకరు. అందుకే ఏమీ రాయలేదు. ఈ రోజు మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

మధ్యాహ్నం ఒకావిడ రెండున్నరేళ్ల పిల్లని చంకనేసుకుని పరుగున వచ్చింది. చెప్పులు కూడా లేవు. పిల్ల సింకు కింద కూర్చుని ఆ సీసా నోట్లో పెట్టుకుని కనపడిందట. సీసా ఆవిడ చేతిలోనే ఉంది. ఎన్నిసార్లు చూశాను ఇది!

సీసా తీసుకుని చూశాను. మూత బిగించే ఉంది. చుట్టూ పళ్ల గాట్లు, చిన్న చిన్న గాట్లు, చాలాసేపు పాపం కష్టపడినట్టుంది. లోపల మందు నిండా ఉంది. పిల్లని వెలుతురులో పడుకోబెట్టి నోరు తెరిపించాను. పెదాలు, నాలుక, అంగిలి, గొంతు, అన్నీ గులాబీరంగులో నిగనిగలాడుతున్నాయి. చూస్తూనే ఉన్నాను. నర్సు ‘‘ఏమైంది మేడమ్’’ అని రెండుసార్లు అడిగింది. పిల్లకి విసుగొచ్చి నా వేలు కొరికింది.

కేస్ షీటులో ‘ఏమీ లేదు’ అని రాశాను. ఈ గదిలో ఇలాంటి పిల్ల గురించి ఆ మాట రాయడం ఇదే మొదటిసారి.

ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని వదలదు. ‘‘మీరు దేవతమ్మా, నా బిడ్డని కాపాడారు’’ అంటుంది. ‘‘నేను చూడటం తప్ప ఏమీ చేయలేదమ్మా’’ అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఆవిడ చెప్పిన థాంక్స్ నాది కాదు, నా దగ్గర ఉంచుకోవడం న్యాయం కాదు. అందుకే వెంటనే కూర్చుని నీకు పంపిస్తున్నాను.

పిల్ల ఇంటికి వెళ్లిపోయింది.

పిడుగు